పట్టీ ఛార్జ్ ఎవరిది

మొన్న బడిలో మధ్యాహ్నం భోజనాల దగ్గర, కొత్తగా చేరిన లెక్కల టీచరు నన్నో ప్రశ్న అడిగింది. వాళ్ళింటికి కుక్కను తెచ్చారట. ఇంటి చుట్టూ ప్రహరీ లేదట. నేలలో తీగ పాతి, కుక్క మెడకు పట్టీ కట్టే కరెంటు కంచె పెట్టుకుందామనుకుంటున్నారట. "మీ ఇంట్లో ఉంది కదా మేడమ్, పట్టీ ఛార్జింగ్‌ది కొనమంటారా, సెల్ మార్చుకునేది కొనమంటారా?" అంది.

చాలా చిన్న ప్రశ్న. "ఏదైనా ఒకటే" అనేసి, సగం డబ్బా అలాగే మూసి, లేచి చెయ్యి కడుక్కున్నాను. బెల్లు కొట్టకముందే క్లాసులోకి పోయి కూర్చున్నాను. ఏదైనా ఒకటే కాదని నాకు బాగా తెలుసు. తెలిసీ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. ఆ పిల్ల నన్ను పెద్దదాన్నని అడిగింది. నేను తప్పించుకున్నాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది రైల్వే కుటుంబం. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న కూడా అక్కడే చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరయ్యారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి తెలుగు బడిలో చదివి, ఇక్కడే తెలుగు చెబుతున్నాను. పిల్లలు "ఎల్లినాను" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి "వెళ్ళాను" అని దిద్దడం నా ఉద్యోగం. ఇంటికి వచ్చి నాన్నతో "ఏటి తిన్నావు?" అని అడగడం నా అలవాటు. ఈ రెండింటి మధ్యా నాకెప్పుడూ తేడా రాలేదు. మాటల విషయంలో నన్ను మించినవాళ్ళు లేరని లోపల కాస్త పొగరు కూడా ఉండేది.

క్వార్టర్ ఖాళీ చేశాక సాలువా వెళ్ళే దారిలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ గోడ పెట్టలేదు. పక్కింటి వాళ్ళ చెరువుకి దారి మా స్థలం అంచునుంచే పోతుంది. గోడ కడితే వాళ్ళు ఊరంతా చుట్టి రావాలి. "పోనీలే, నడవనీ" అని నాన్న తుప్పల కంచెతో సరిపెట్టారు. పక్కింటావిడ బెంగాలీ. నేను వదినా అన్నట్టు బౌదీ అంటాను, ఆవిడ నన్ను దిదిమొణి అంటుంది. ఇక్కడ టీచరమ్మను అలాగే పిలుస్తారు. ఆవిడకు చెరువునిండా బాతులున్నాయి.

అమ్మ పోయాక నాన్న మాట్లాడడం మానేశారు. అలిగి కాదు, మాట్లాడేందుకు ఏమీ లేనట్టు. పొద్దున్న లేచి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, దూరంగా పోయే బండ్ల చప్పుడు వింటూ కూర్చునేవారు. నేను బడినుంచి వచ్చేసరికి అదే కుర్చీ, అదే కిటికీ. ఒక వానాకాలం సాయంత్రం పూరీ గేట్ వైపు పనిమీద వెళ్ళి, గొడుగు కింద ఒక కుక్కపిల్లను పట్టుకొచ్చారు. గేటు పడి ఉంటే పట్టాల మీదికి పోబోయిందట. "సచ్చిపోయేది గదేటి ఇది" అని నాకేదో సంజాయిషీ చెప్పబోయారు. నేను వద్దనలేదు. ఎందుకంటే వారాల తరబడి ఆయన నోట అంత పొడుగు వాక్యం వినలేదు.

కుక్క వచ్చాక మా ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. దాన్ని నాన్న "బాబూ" అనేవారు. బాబు అన్నం తిన్నాడా, బాబు తొంగున్నాడా, ఇవాళ ఏ బండి లేటు, కూరలో ఉప్పెక్కువైంది, అన్నీ దానికే చెప్పేవారు. నేను వంటింట్లోంచి వినేదాన్ని. నాకు కాకపోయినా, మాట వినిపిస్తే చాలనిపించేది.

అది ఎదిగాక బాతుల మీద కన్నేసింది. ఒకరోజు చెరువులోకి దూకి ఒకదాన్ని నోట కరుచుకు వచ్చింది. బౌదీ చచ్చిన బాతును కాళ్ళు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. అరవలేదు. డబ్బులిస్తానంటే వద్దంది. "ఇంకోసారి ఇలా జరిగితే కుక్కను ఎక్కడికైనా పంపించెయ్యాలి దిదిమొణి. నాకూ కష్టంగానే ఉంది, కానీ నా బాతులు నాకు పిల్లలు" అంది. నాన్న ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. కుక్క పోతే ఆయన మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి పోతారని నాకు అర్థమైంది.

కట్టేస్తే రోజంతా ఏడ్చేది. గోడ కడితే బౌదీ దారి పోతుంది. అప్పుడే ఆన్‌లైన్‌లో ఈ కరెంటు కంచె చూశాను. తీగను స్థలం చుట్టూ జానెడు లోతున పాతాలి. వరండాలో గోడకు ఒక చిన్న పెట్టె. కుక్క మెడకు పట్టీ. పట్టీ లోపలివైపు మెడకు తగిలేలా రెండు ఇనప మొనలు. కుక్క తీగ దగ్గరికి వస్తే ముందు కీచుమంటుంది, ఇంకా వస్తే చిన్న షాక్ కొడుతుంది. నాన్న ముందు తన మణికట్టు మీద పెట్టుకుని తీగ దగ్గరికి నడిచారు. ఉలిక్కిపడి, "తగ్గించమ్మా, ఇంతొద్దు" అన్నారు. అన్నిటికంటే తక్కువలో పెట్టాను. నేను మాత్రం నా చేతి మీద పెట్టుకుని చూడలేదు.

నాన్న పాత ఎర్రగుడ్డ ముక్కలు చింపి పుల్లలకు కట్టి, తీగ పోయిన దారంతా గుచ్చారు. దాన్ని తాడుతో పట్టుకుని జెండా జెండాకీ తిప్పారు. కీచుమనగానే వెనక్కి తిరగడం అది తొందరగానే నేర్చుకుంది. కొన్నాళ్ళకు బాతులు దాని ముక్కు ముందునుంచే బారులు తీరి పోయేవి, ఇది జెండా దగ్గర నిలబడి తోకాడించేది. బౌదీ చూసి నవ్వింది.

ఆ కంచెతో వచ్చింది ఛార్జింగ్ పట్టీ. వారానికోసారి ఛార్జ్ పెడితే చాలని రాసి ఉంది. కానీ నాకు ఫోన్‌లాగే రోజూ పెట్టే అలవాటు. రాత్రి భోజనాలయ్యాక నాన్న పట్టీ విప్పి, గుడ్డతో తుడిచి, స్విచ్చు పక్కన మేకుకు తగిలించేవారు. నేను ఛార్జర్ తీగ గుచ్చేదాన్ని. పొద్దున్న నాన్న మళ్ళీ కట్టేవారు. బ్యాటరీకి చాకిరీ చేస్తున్నామనుకునేదాన్ని. ఆ వంకన కుక్క మెడకు రోజూ రాత్రంతా విడుపు దొరుకుతోందని నాకు తట్టలేదు.

పోయిన ఎండాకాలంలో పలాస దగ్గర మా పిన్నికి కంటి ఆపరేషన్ అయింది. తోడుకు వెళ్ళాను. గేటు బయట టోటో, ఇక్కడి బ్యాటరీ ఆటో, నిలబడి ఉంది. ఎక్కబోతూ నాన్నతో, "నాన్నా, పట్టీ ఛార్జ్ మర్చిపోకు. ఛార్జ్ నీది" అన్నాను.

"ఛార్జ్ నాది. నాను సూసుకుంటాను. నువ్వు బేగి ఎల్లు, బండెల్లిపోతాది" అన్నారాయన. నిటారుగా నిలబడి అన్నారు. నాకు నవ్వొచ్చింది కూడా.

నాలుగు రోజులని వెళ్ళినదాన్ని, పిన్ని కంట్లో నీరు ఆగక రెండు వారాలు ఉండిపోయాను. రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని, "ఛార్జ్ చూస్తన్నావా నాన్నా?" అని.

"సూస్తన్నానమ్మా. పొద్దున్న అన్నం తిన్నాది. మజ్జిగన్నం పెట్టినాను, ఎండ గదా. సాయంత్రం తాడు కట్టి రోడ్డుదాకా తిప్పినాను. ఛార్జ్ బాగుంది."

"మా నాన్న బ్యాటరీకి కూడా మజ్జిగన్నం పెడతాడు" అని పిన్నికి చెప్పి నవ్వాను. పిన్ని కట్టు కట్టిన కన్నుతోనే నవ్వింది. తెలుగు టీచర్ని, ఒక్క క్షణం ఆగి ఆ మాటలు విని ఉంటే చాలు. వినలేదు.

నేను తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే అది జరిగింది. టోటో దిగేసరికి గేటు దగ్గర బౌదీ ఉంది, చేతిలో చచ్చిన బాతు ఉంది. నాన్న తల దించుకుని ఉన్నారు. కుక్క వరండా బల్ల కింద దూరింది. నేను బ్యాగు కింద పెట్టి నేరుగా వెళ్ళి దాని మెడకున్న పట్టీ నొక్కి చూశాను. దీపం వెలగలేదు. ఎన్నాళ్ళనుంచో ఛార్జ్ లేదు. మేకు దగ్గర తీగ నేను చుట్టిపెట్టిన చుట్ట చుట్టినట్టే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాత్రంతా బండిలో నిద్ర లేదు. ఇక కుక్క పోతుంది, నాన్న మళ్ళీ మూగబోతారు అన్న భయం. ఆ భయమంతా కోపమై ఆయన మీదే పడింది. "ఒక్క పని చెప్పినాను. ఒక్కటంటే ఒక్కటి! ఒక తీగ గుచ్చడానికి రాదా నీకు? ఇన్నేళ్ళూ వర్క్‌షాపులో ఏటి చేసినావు?" అన్నాను.

తెలుగులో అన్నా బౌదీకి అర్థమైంది. వర్క్‌షాపన్న మాట ఏ భాషలోనైనా ఒకటే. ఆవిడ మొహం తిప్పుకుంది.

"ఛార్జ్ తీసుకున్నాను గదమ్మా. అన్నీ సూసినాను" అన్నారు నాన్న మెల్లగా.

"ఏటి చూసినావు? ఇకనుంచి దీని ఛార్జ్ నీది కాదు. నువ్వు ముట్టుకోకు. నేనే చూసుకుంటాను."

ఆయన లోపలికి వెళ్ళి, పట్టీ తుడిచే గుడ్డ తెచ్చి, కుక్క మెడనుంచి పట్టీ విప్పి, గుడ్డ దాని మీద పెట్టి, రెండు చేతులతో నాకు అందించారు. "సరే. ఛార్జ్ ఇచ్చేసినాను" అన్నారు. నాకది వేళాకోళంలా తోచింది. విసురుగా లాక్కున్నాను.

బౌదీని బతిమాలాను. ఇంకొక్కసారి చూడమన్నాను. నాన్న వైపు చూసి ఆవిడ సరేనంది. నా మొహం చూసి కాదు.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో రెండో పట్టీ కొన్నాను. అదే కంచెకు పనిచేసేది, కానీ ఛార్జింగ్ అక్కర్లేనిది. లోపల గుండ్రటి బిళ్ళ సెల్ వేసి మూత తిప్పి బిగిస్తే నెలలు నెలలు వస్తుంది. కొనడానికి కారణాలు నాకు నేనే చక్కగా చెప్పుకున్నాను. కాలబైశాఖి గాలివానలకు ఇక్కడ గంటలు గంటలు కరెంటు పోతుంది, ఛార్జింగ్ కుదరదు. ముసలాయన మర్చిపోతాడు. నాకు బడి. సెల్ అయితే ఎవరి జ్ఞాపకంతోనూ పని లేదు. కరెంటు పోతే వరండాలో పెట్టె కూడా ఆగిపోతుంది కదా, పట్టీలో సెల్ ఉండి ఏం లాభమని అప్పుడు తోచలేదు. తోచినా కొనేదాన్ని. ఎందుకంటే ఆ పట్టీ కొన్నది కరెంటు కోతకు కాదు, నాన్న మీద కోపానికి. ఆయన అవసరం లేని పట్టీ కావాలి నాకు.

సెల్ పట్టీ వచ్చింది. మొనలు మెడకు బాగా తగలాలని బిగించి కట్టాను. కీచుమంది, కుక్క వెనక్కి తిరిగింది. పీడా వదిలిందనుకున్నాను. పాత పట్టీని అలమారలో పడేశాను. కొత్త పెట్టెలో కాగితం ఒకటి ఉంది, చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. చదవలేదు. ప్రశ్న రెండుసార్లు చదవండర్రా అని పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదాన్ని, నేను మాత్రం చదవలేదు.

వానలు పడ్డాయి. బడిలో పరీక్షలు. ఇంట్లో అంతా ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా ఉంది. నాన్న కుక్కతో మాట్లాడడం తగ్గింది. రాత్రి భోజనం కాగానే అలవాటుగా లేచి మేకు దగ్గరికి వెళ్ళి, ఖాళీ మేకును చూసి వెనక్కి వచ్చేవారు. నేను చూసేదాన్ని. చూసి, బాగా అయింది, ఇప్పుడైనా తెలుస్తుంది అనుకునేదాన్ని. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అనుకున్నమాట నిజం.

ఒక సాయంత్రం పేపర్లు దిద్దుతుంటే నాన్న గుమ్మంలో నిలబడ్డారు. "అమ్మా, ఇది మెడ తెగ గోక్కుంటన్నాది."

"కొత్త పట్టీ కదా, అలవాటు కాలేదు."

"వాసన కూడా వస్తన్నట్టుంది."

"వానల్లో తడిసిన కుక్క వాసన రాక సెంటు వాసన వస్తుందా? నువ్వు ముట్టుకోకు నాన్నా, వదులైతే మళ్ళీ బాతుల మీద పడతాది." తలెత్తకుండానే అన్నాను. ఆయన వెళ్ళిపోయారు. నేను ఎవడో "వచ్చినాను" అని రాస్తే దిద్దుతున్నాను.

తర్వాత ఆదివారం పొద్దున్న, బౌదీ చెరువుకు పోతూ మా అంచు దారిలో ఆగింది. కుక్క జెండా దగ్గర పడుకుని ఉంది. మామూలుగా ఆవిడ వస్తే లేచి నిలబడుతుంది. ఆవేళ లేవలేదు. మెడ చుట్టూ ఈగలు. "ఈష్! దిదిమొణి, ఎదికే ఎషో!" అని కేకేసింది, ఇటు రమ్మని. నేను వెళ్ళేలోపే ఆవిడ తన కుక్క కాకపోయినా, తన బాతుల్ని తిన్న కుక్కే అయినా, కింద కూర్చుని పట్టీ విప్పేసింది.

మొనలు తగిలిన చోట రెండు పుళ్ళు. నాణెమంత వెడల్పున చర్మం పోయి చీము పట్టి ఉన్నాయి, పైపొక్కు పట్టీతో పాటు ఊడి వచ్చింది. నెల దాటింది నేను ఆ పట్టీ కట్టి. ఒక్క రాత్రి కూడా విప్పలేదు. విప్పే అవసరం లేదనే కదా కొన్నది. కుక్క అరవలేదు. బౌదీ మోకాలి మీద గెడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. ఆవిడ చీర చెంగు తడిపి తుడుస్తూ నాకేసి చూసింది.  తిట్టి ఉంటే బాగుండేది. బాతు చచ్చినప్పుడు ఆవిడ నా గుమ్మంలో నిలబడితే నేను తలెత్తుకునే మాట్లాడాను. ఇప్పుడు నా స్థలంలో నేను నిలబడి తల ఎత్తలేకపోయాను.

"మెడ మానేదాకా బాతుల్ని గూట్లోనే మూసి పెడతాను. దీనికి ఏమీ కట్టొద్దు" అంది లేస్తూ. 

పశువుల డాక్టరు పుళ్ళు శుభ్రం చేస్తూ, "రాత్రిళ్ళు పట్టీ తీస్తారు కదా?" అని మామూలుగా అడిగాడు. నేను కుక్క కాళ్ళు సరిగ్గా పట్టుకున్నాను. "ఈ మొనల పట్టీ ఏదైనా సరే పన్నెండు గంటలకు మించి ఉంచకూడదు. రోజూ విప్పి మెడ చూడాలి. పెట్టెలో కాగితంలో ఉంటుందే" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నారు. నేను గోడమీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు టోటోలో కుక్క నాన్న ఒళ్ళో పడుకుంది. అప్పటికీ నా బుద్ధి పోనిచ్చుకోలేదు. నా సిగ్గులో కాస్త ఆయనకూ పంచాలనిపించింది కాబోలు. "గోక్కుంటందని చూసినావు, వాసనొస్తందని చూసినావు. పట్టీ విప్పి చూడొచ్చు కదా నాన్నా" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూశారు. "ఛార్జ్ నాది కాదు గదమ్మా. నువ్వు తీసేసుకున్నావు. ఛార్జ్ లేనోడు సెయ్యి పెట్టకూడదు గదా. సెప్పడమే నా వంతు. సెప్పినాను."

టోటో గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. నాకు నెమ్మదిగా, ఒక్కొక్కటిగా, అంతా తెలిసింది. మా ఇళ్ళల్లో ఛార్జ్ అంటే ఏమిటో నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. "కొత్త ఫోర్‌మన్ ఛార్జ్ తీసుకున్నాడు", "రేపు ఛార్జ్ ఇచ్చి సెలవులో ఎల్తాను" ఇవి వింటూనే పెరిగాను. ఛార్జ్ అంటే అప్పగింత. మనిషి మీద పెట్టిన బాధ్యత. తీగకీ స్విచ్చుకీ దానితో సంబంధం లేదు. గేటు దగ్గర నిలబడి "ఛార్జ్ నీది" అన్నది నేను. ఆయన కుక్కను అప్పగించుకున్నారు. మజ్జిగన్నం పెట్టారు, తిప్పారు, రోజూ రాత్రి పట్టీ విప్పి తుడిచి మేకుకు తగిలించారు, పొద్దున్న కట్టారు. తీగ ఒక్కటి గుచ్చలేదు, ఎందుకంటే ఆ పని ఎప్పుడూ నాది. నేను అడిగితే రోజూ ఆ ఛార్జ్ సంగతే చెప్పారు. నేను నవ్వాను. వచ్చి, పక్కింటావిడ ముందు, ఆయన జన్మంతా చేసిన పనిని తీసిపారేశాను. ఆయన మాట దాటలేదు. ఛార్జ్ వద్దంటే ఇచ్చేశారు, ముట్టుకోకంటే ముట్టుకోలేదు. ఆయన చేతుల్లో రెండు వారాలున్న మెడ బాగానే ఉంది. నా చేతుల్లోకి వచ్చాక కుళ్ళింది.

 సాయంత్రం ఆయన వరండాలో కుక్క పక్కన కింద కూర్చుని మందు రాస్తున్నారు. నేను అలమారలోంచి పాత ఛార్జింగ్ పట్టీ తీసి, తుడిచి, తీసుకెళ్ళాను. మెడ మానాక ఇదే కడదామని, సెల్ పట్టీ ఇక వద్దని, రోజూ రాత్రి విప్పాల్సిందే కాబట్టి విప్పక తప్పని పట్టీయే మంచిదని చెప్పాను. టీచర్ల గొంతుతో చెప్పాను. ఆయన విన్నారు.

"నాన్నా, ఛార్జ్ నువ్వు తీసుకో" అన్నాను చివరికి.

ఆయన మందు సీసా మూత పెట్టి చేతులు తుడుచుకున్నారు. కానీ చెయ్యి చాపలేదు. "ఏ కండిషన్‌లో ఇస్తన్నావు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఛార్జ్ ఇచ్చినప్పుడు ఏటి బాగుందో, ఏటి పాడైందో, ఎలా పాడైందో నోటితో సెప్పి ఇవ్వాల. షిఫ్ట్ మారినప్పుడు సెప్పకుండా మెషిన్ ఇచ్చేసి ఎల్లిపోతే, తర్వాత వచ్చినోడి సెయ్యి పోతాది. సెప్పు."

ఆయన నన్ను శిక్షించాలని అనలేదు, అది నాకు తెలుసు. ఆయనకు ఛార్జ్ అంటే అంతే, చెప్పందే తీసుకోవడం కుదరదు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కుక్క నా వైపు చూసింది. నా చెయ్యి పట్టీతో సహా దాని దగ్గరికి వెళ్తే మెడ వెనక్కి లాక్కుని నాన్న కాళ్ళ మధ్యకు జరిగింది. నేను పట్టీ కింద పెట్టేశాను.

"మెడకి రెండు పుళ్ళున్నాయి" అన్నాను.

"ఎందువల్ల?"

"పట్టీ విప్పలేదు."

"ఎవులు?"

"నేను. కాగితం చదవలేదు. నువ్వు చెప్తే వినలేదు. బిగించి కట్టినాను." నా గొంతు నాకే వినబడడం లేదు. నలభై మంది పిల్లలకు ఆఖరి బెంచీదాకా వినిపించే గొంతు.

"ఇంకేటైనా ఉందా?"

ఉంది. అప్పటినుంచీ లోపల ఉన్నదదే. "ఆ రోజు బౌదీ ముందు నిన్ను అన్నాను కదా నాన్నా. వర్క్‌షాపులో ఏటి చేసినావని. అది..."

నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "నాను కుక్క సంగతి అడుగుతున్నానమ్మా" అన్నారు.

తర్వాత పట్టీ అందుకుని, "తీసుకున్నాను" అన్నారు. లేచి వెళ్ళి మేకుకు తగిలించారు.

పుళ్ళు మానాయి. వాటి చోట రెండు బొటనవేళ్ళంత మేర బొచ్చు మొలవలేదు, ఇక మొలవదంటున్నారు. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక నాన్న పట్టీ విప్పి, మెడ తడిమి చూసి, తుడిచి, మేకుకు తగిలిస్తారు. నేను తీగ గుచ్చుతాను. కుక్కతో మళ్ళీ బండ్ల సంగతులు చెబుతున్నారు. ఆ లెక్కల టీచరుతో రేపు చెబుతాను, ఛార్జింగ్‌దే కొనమ్మా, రోజూ విప్పాల్సి వస్తుంది, విప్పినప్పుడు మెడ చూడొచ్చు అని. అంతవరకు చెప్పగలను. పుళ్ళ సంగతి కూడా చెబుతాను.

వర్క్‌షాపు మాట మాత్రం చెప్పలేను. నాన్న కుక్కను తీసుకున్నారు, పుళ్ళతో సహా తీసుకున్నారు. ఆ మాట తీసుకోలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది.